కొలతలను జూపు స్క్రిప్టులకు కాపరి యుండవలయును

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములయందు నివసించు మనకు యంత్రములు క్రొత్తవి కావు. రామచంద్రపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారమును, ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమును, పాశమైలారము, బొల్లారము, జిన్నారము ప్రాంతములయందు మందుల కర్మాగారములును గలవు. మన విద్యార్థులలో పెక్కుమంది తండ్రులో, అన్నలో, అక్కలో ఇట్టి చోట్ల పనిచేయుచున్నవారే. మందు తూచు త్రాసునకు నియతకాలమున పరీక్ష జరుగును. ఆవిరి యొత్తిడిని జూపు మీటరునకును పరీక్ష జరుగును. పరీక్షించిన తేదీతో దానికొక చీటి యంటింపబడును. ఆ గడువు దాటిన సాధనము చూపిన అంకెను వివేకియైన వాడెవ్వడును నమ్మడు.

ఈ మంచి నియమమునకు లోబడక తప్పించుకొనుచున్న సాధనము నేడొకటి కలదు. అది సాఫ్టువేరు పనితీరును మనకు జూపు స్క్రిప్టు. త్రాసునకువలెనే దానికిని కాపరియు, తేదీయు, పరీక్షయు ఉండవలయునని నా యభిప్రాయము.

స్క్రిప్టు అనగా నేమో మొదట చెప్పవలసియున్నది. గోదాములోని సరకును, కార్మికుల హాజరును, పరీక్షాశాల ఫలితములను భద్రపఱచు డేటాబేసు, ఆ పని చేయుచునే తన పనిని గూర్చియు లెక్క వ్రాసికొనును. ఏ ప్రశ్న యెన్నిమారులు వచ్చెను, ఉత్తరమిచ్చుట కెంతకాలము పట్టెను, డిస్కునుండి యెంత చదువవలసివచ్చెను అను విషయములన్నియు పట్టికలలో చేరుచుండును. ఆ వేలకొలది వరుసలనుండి మనకు కావలసిన పదింటిని ఏరి, వరుసపెట్టి చూపుటకు వ్రాయబడిన కొలది పంక్తుల ఆజ్ఞలే స్క్రిప్టు. డేటాబేసు చెఱువైనచో స్క్రిప్టు దానికి తూము. చెఱువెంత పెద్దదైనను పొలమునకు నీరు తూముద్వారముననే రావలయును. కావుననే మన పల్లెలయందు తూము నెత్తుటకును దించుటకును నీరటి యనువాని నేర్పఱచిరి. స్క్రిప్టునకు మాత్రము నీరటి లేడు. పని నిలిచిపోయిన యొకానొక రాత్రి ఒక యువకుడు తొందరలో దానిని వ్రాయును. పని చక్కబడును. వ్రాసినవాడు వేఱొక ఉద్యోగమునకు పోవును. స్క్రిప్టు అచ్చటనే యుండిపోవును.

ఉండిపోయినచో దోషమేమని యడుగవచ్చును. స్క్రిప్టు మాఱదు గాని, దాని క్రిందనున్న డేటాబేసు మాఱుచుండును. లోకమందంతట వాడుకలోనున్న పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసునే చూడుడు. ప్రశ్నల లెక్కను జూపు పట్టికలో మొత్తము కాలమునకు ‘టోటల్ టైమ్’ అను పేరుండెను. 2020లో వచ్చిన 13వ సంచికలో ఆ పేరు ‘టోటల్ ఎగ్జెక్ టైమ్’ అని మాఱెను. పాత పేరుతో వ్రాసిన స్క్రిప్టులన్నియు ఆ సంచికపై తప్పు చూపి యాగిపోయెను. ఇది కష్టమే గాని ప్రమాదము గాదు. ఆగిన గడియారమును జూచి యెవ్వడును మోసపోడు.

ప్రమాదము వేఱొకటి. 2012లో వచ్చిన 9.2 సంచికలో అదే గడి పేరు మాఱలేదు. కొలమానము మాత్రము మాఱెను. అంతవఱకు సెకనులలో నుండిన కాలము, అప్పటినుండి సెకనులో వేయవవంతైన మిల్లీసెకనులలో నుండెను. పాత స్క్రిప్టు ఎప్పటివలెనే నడచును, తప్పేమియు చూపదు, పైన ‘సెకనులు’ అను శీర్షికయు అట్లే యుండును. అర సెకను పట్టిన పనికి అది 500 అని చూపును. చూచువాడు ఐదువందల సెకనులని, అనగా ఎనిమిది నిమిషములకు పైబడెనని తలచును. ఇట్టి మౌనదోషమే ప్రమాదకరము. కొలమానముల తాఱుమాఱువలన ఎంత నష్టము కలుగునో లోకము 1999లో చూచెను. అంగారకుని చెంతకు అమెరికావారు పంపిన ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అను నౌక, ఒక సాఫ్టువేరు ఇంగ్లీషు కొలమానమున నిచ్చిన అంకెలను మఱియొకటి మెట్రిక్ కొలమానముగా గ్రహించుటవలన నశించెను.

ఇంకొక చిక్కు కలదు. ఈ లెక్కలు శాశ్వతములు కావు. ఒరాకిల్ డేటాబేసు తన పనితీరును గంట కొకమారు నమోదుచేసి, మనము వేఱుగా కోరనిచో ఎనిమిది దినములు మాత్రమే యుంచును. పోస్ట్‌గ్రెస్ పట్టిక మొదటి నిర్ణయము ప్రకారము ఐదువేల విధముల ప్రశ్నలను మాత్రమే జ్ఞాపకముంచుకొని, అరుదుగా వచ్చువానిని విడిచిపెట్టును. ఎవరైనను లెక్కను తుడిచి సున్న చేసినచో, నిన్నటి మొత్తమునకును నేటి మొత్తమునకును పొత్తు కుదరదు. ఈ సంగతులెఱిగి వ్రాసినవాడు వెడలిపోవగా, ఎఱుగనివారు అంకెలను మాత్రము చదువుచున్నారు.

మన పటాన్‌చెరులోనే ఇందుకు మంచి మేలుబంతి యున్నది. 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థలో, 1976లో నల్లరేగడి భూమిపై ఒక ప్రయోగము మొదలయ్యెను. ఒక క్షేత్రమున పాతపద్ధతి సేద్యము, మఱియొక క్షేత్రమున మెఱుగుపఱచిన సేద్యము. దశాబ్దములతరబడి పంటను తూచి వ్రాసినమీదట, మొదటిదానిలో హెక్టారుకు ఏటేట సుమారు 1 టన్నును, రెండవదానిలో సుమారు 5 టన్నులును సగటున పండెనని తేలెను. మనుష్యులు మాఱిరి, అధికారులు మాఱిరి; కొలుచు పద్ధతిని మాత్రము కాపాడిరి. నడుమ నెవరైనను తూనికను మార్చి వ్రాయక యుండినచో, ఆ పుస్తకములన్నియు చెత్తబుట్టకే తగియుండెడివి.

కందిలోని హైదరాబాదు ఐఐటీలో ‘పరమ్ సేవ’ యను మహాగణక యంత్రము కలదు. దాని శక్తి 838 టెరాఫ్లాపులు, అనగా సెకనునకు 838 లక్షల కోట్ల గణనలు. ఇట్టి యంత్రములలో పెక్కింట స్లర్మ్ అను సాఫ్టువేరు ప్రతి పనికిని పట్టిన కాలమును, జ్ఞాపకశక్తిని డేటాబేసులో వ్రాయును. ఆ జ్ఞాపకశక్తి లెక్క సామాన్యముగా ముప్పది సెకనుల కొకమారు తీయబడునది. నడుమ క్షణకాలము పెరిగి తగ్గినది దానిలో కనబడకపోవచ్చును. ఈ యొక్క వాక్యము స్క్రిప్టు తలమీద వ్రాసియుండినచో చదువువాడు జాగ్రత్తపడును. లేనిచో విద్యార్థి తన పని యేల చచ్చెనో తెలియక దినములు గడపును.

ఈ విషయము కంప్యూటరు పనివారికి మాత్రమే సంబంధించినదని యెవ్వరును తలపరాదు. ఉదాహరణమునకు, ఒక గోదాములో లారీలు బారులుతీరి నిలిచినవనుకొందము. సాఫ్టువేరు ఆలస్యమా, గుమాస్తా ఆలస్యమా అని ప్రశ్న పుట్టును. స్క్రిప్టు ‘సాఫ్టువేరు బాగుగనే యున్నది’ అని చెప్పినచో నింద గుమాస్తాపై బడును. అతని జీతమునకే ముప్పు రావచ్చును. యంత్రము చాలదని చెప్పినచో, లేనిపోని క్రొత్త యంత్రమునకు లక్షలు వెచ్చింపబడును. ఒక మనుష్యుని దోషిగా నిలుపు అంకె సాక్షివంటిది. సాక్షిని విచారింపకయే తీర్పుచెప్పుట న్యాయమా?

కొందఱు, నేడు రంగురంగుల పటములతో సర్వమును జూపు తెరలు కలవు గదా, స్క్రిప్టుల గొడవ యేల యందురు. ఆ పటము వెనుకను ఆజ్ఞల పంక్తులే యున్నవి. రంగువలన అవి సత్యములు కానేరవు. మఱికొందఱు, కృత్రిమ మేధ నడిగిన నిమిషములో క్రొత్త స్క్రిప్టు వ్రాసియిచ్చును, పాతదానిని కాపాడనేల యందురు. నూతి త్రవ్వువాడు సులభముగ దొరకెనని నూతిని పూడికతీయుట మానుదుమా? పైగా నిన్నటి స్క్రిప్టొక విధముగను, నేటిదొక విధముగను లెక్కించినచో, పని మెఱుగుపడెనో చెడెనో తెలిసికొనుటకు వీలులేదు.

చేయవలసినది గొప్ప పనియు గాదు. ప్రతి స్క్రిప్టు తలమీద దాని ప్రయోజనమును, కాపరి పేరును, ఏ సంచికకు సరిపడునో, ఏ కొలమానమో, కడపటి పరీక్ష తేదీయేదో వ్రాయవలయును. మార్పులన్నియు గిట్‌వంటి సాధనమున భద్రపఱుపవలయును. చూచుట మాత్రమే పనియైనవానికి చూచు నధికారమే యీయవలయును. పోస్ట్‌గ్రెస్‌లో 2017నుండి ఇందుకై ‘పీజీ మానిటర్’ అను ప్రత్యేకాధికారమే యున్నది. డేటాబేసు సంచిక మాఱిన ప్రతిసారియు స్క్రిప్టును తెలిసిన తూనికరాతితో పరీక్షింపవలయును. రెండు సెకనులు ఊరక నిదురింపుమని పోస్ట్‌గ్రెస్‌ను ఆజ్ఞాపింపవచ్చును. అట్లాజ్ఞాపించి, స్క్రిప్టును నడపి చూడుడు. అది రెండువేల మిల్లీసెకనులకు చేరువగా చూపినచో మంచిది. రెండువేల సెకనులని చూపినచో ఆనాడే దోషము పట్టుబడును. ఎవరికిని అక్కఱలేని స్క్రిప్టులను తొలగింపవలయును. కాపరి లేని పది తూములకంటె కాపరిగల యొక్క తూము మేలు.

ఇందుకు సంస్థల యజమానులు నెలలో కొన్ని గంటలు కేటాయింపవలయును. క్రొత్తది కట్టినవానికి బహుమానమును, ఉన్నదానిని నిలిపినవానికి మౌనమును ఇచ్చు అలవాటు మానవలయును.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఈ కర్మాగారములయందును కార్యాలయములయందును కంప్యూటరుల యెదుట కూర్చుండెదరు. మీకంటె ముందువారు వ్రాసిన స్క్రిప్టు మీ చేతికి వచ్చును. దాని అంకెను పైవారికి చెప్పుటకు ముందు, అది దేనిని కొలుచుచున్నదో చదువుడు; తెలిసిన తూనికతో తూచుడు; క్రింద మీ పేరును తేదీయు వ్రాయుడు. ఆ చిన్న సంతకమువలన, మీరెన్నడును చూడని యొక గుమాస్తాకు న్యాయము జరుగవచ్చును.