ముందు కారును దాటే సాయం గెలిపిస్తుందా?

కారు పందెం అనగానే మీకు వేగమే గుర్తుకొస్తుంది. ముందున్న కారును దాటడానికి డ్రైవరుకు ఒక మీట యిచ్చి, దాన్ని నొక్కితే అదనపు బలం వస్తుందని చెబితే యిక సందేహమే లేదు, ఆ మీట నొక్కినవాడిదే గెలుపు అనుకుంటారు. అది నిజం కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో మీ పాఠ్యపుస్తకంలోని లెక్కలతోనే చూద్దాం. ఆ లెక్కలు పందెపు దారికే కాదు, రేపు మీరు బండి నడపబోయే రోడ్డుకూ అవసరం.

మొదట, దాటడానికి సాయం ఎందుకు కావలసి వచ్చింది? పందెపు కారుకు ముందూ వెనకా రెక్కలుంటాయి. విమానం రెక్క విమానాన్ని పైకి లేపుతుంది. కారు రెక్కను తలకిందులుగా అమరుస్తారు కాబట్టి అది కారును నేలకు అదిమిపెడుతుంది. దాంతో టైర్లకు పట్టు దొరికి మలుపుల్లో కారు జారిపోదు. అయితే పరుగెత్తే కారు వెనక గాలి చెదిరి సుడులు తిరుగుతుంది. ఆ గాలిలోకి వచ్చిన వెనకకారు రెక్కలు సరిగా పనిచెయ్యవు. మలుపులో దాని పట్టు సడలుతుంది. అందువల్ల ఎక్కువ వేగం పోగల కారు కూడా ముందుకారును దాటలేక దాని వెనకనే పోవలసి వచ్చేది. చూసేవారికి విసుగు, వెనకున్నవారికి అన్యాయం.

దీనికి విరుగుడుగా ఫార్ములా వన్ పందాలలో 2011లో డి.ఆర్.ఎస్. అనే ఏర్పాటు తెచ్చారు. ముందుకారుకు ఒక సెకను దూరంలోపు వున్న డ్రైవరు, నిర్ణయించిన తిన్నని దారిలో, తన వెనక రెక్కలోని ఒక పలకను తెరవవచ్చు. గాలి నిరోధం తగ్గి వేగం పెరుగుతుంది. ముందున్నవాడు దాడిని తప్పించుకోవడానికి ఆ పలక తెరవడానికి వీల్లేదు. అదే ఏడు కెర్స్ అనే మరో సాయం కూడా తిరిగి వచ్చింది. బ్రేకు వేసినప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తిని కొంత దాచి, తర్వాత వాడుకోవడమే కెర్స్. ఒక చుట్టులో 400 కిలోజౌళ్లు, 60 కిలోవాట్ల చొప్పున వాడుకోవచ్చు. 400ను 60తో భాగించండి. చుట్టుకు 6.7 సెకన్ల సాయం అన్నమాట!

మరి ఆ ఏడు ఏ జట్టు లాభపడింది? ఆస్ట్రేలియాలో జరిగిన మొదటి పందెంలో రెడ్ బుల్ జట్టు కెర్స్ వాడనే లేదు. అయినా ఆ జట్టు డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. అక్టోబరు 30న మన దేశంలో, గ్రేటర్ నోయిడాలో, మొదటిసారి ఫార్ములా వన్ పందెం జరిగింది. అక్కడ వెటెల్ మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా ముందే వున్నాడు. అతనికి దాటే సాయంతో పనే పడలేదు. ఏడాది మొత్తం 19 పందాలలో రెడ్ బుల్ 12 గెలిచి 650 పాయింట్లు తెచ్చుకుంది. రెండో స్థానంలోని మెక్‌లారెన్‌కు 497. ఇక చిన్న జట్లయిన లోటస్, వర్జిన్, హెచ్.ఆర్.టి.లకు కెర్స్ లేనే లేదు. ఆ మూడింటికీ ఏడాది మొత్తం మీద వచ్చినది సున్న. మన పొరుగు తమిళనాడుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ నోయిడాలో హెచ్.ఆర్.టి. కారు నడిపి 17వ స్థానంలో నిలిచాడు.

ఇందులో తేలినదేమిటి? సాయం వచ్చాక కార్లు ఒకదాన్నొకటి దాటడం పెరిగింది, పందెం చూడముచ్చటగా మారింది. కాని మంచి కారు మంచి కారుగానే, వెనకబడిన కారు వెనకబడినదిగానే వున్నాయి. మెట్లెక్కేవారందరికీ ఒకే చేతికర్ర యిస్తే ఎవరి కాళ్ళ బలం వారిదే కదా!

ఇప్పుడు మన తెలుగునేలకు వద్దాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. ఇవి పెట్రోలు లేని, బ్యాటరీతో నడిచే కార్లు. దాటే సాయం యిక్కడా వుంది, దాని పేరు అటాక్ మోడ్. మామూలుగా ఈ కార్లు పందెంలో 300 కిలోవాట్ల దాకా వాడుకోవచ్చు. అటాక్ మోడ్‌లో 350 దాకా వాడుకోవచ్చు. ఆ సీజనులో ఒక్కొక్కరికి దీనికి మొత్తం 4 నిమిషాలు, రెండు విడతలుగా యిచ్చేవారు. అయితే అది ఊరికే రాదు. మంచి దారి విడిచి, మలుపులో బయటి పక్కగా గుర్తులు పెట్టిన చోటు మీదుగా పోవాలి. అక్కడ కొంత కాలం పోతుంది, ఒక్కోసారి స్థానమే పోతుంది. ముందు పోగొట్టుకుని తర్వాత సంపాదించుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి వుంది. అటాక్ మోడ్ సామర్థ్యాన్ని పెంచుతుంది కాని శక్తిని పెంచదు. ఈ రెండింటికీ తేడా పరీక్షలో రాసి మరచిపోయేది కాదు. మీ యింటి మిద్దె మీది నీళ్ళ ట్యాంకును తలచుకోండి. ట్యాంకులోని నీళ్ళు శక్తి. కొళాయిని ఎంత తిప్పామన్నది సామర్థ్యం. కొళాయి పూర్తిగా తిప్పితే బిందె త్వరగా నిండుతుంది, ట్యాంకూ త్వరగా ఖాళీ అవుతుంది. నీళ్ళ పొదుపు గురించి మన సీమ పిల్లలకు వేరే చెప్పాలా? అదనంగా వచ్చిన 50 కిలోవాట్లను 4 నిమిషాలూ పూర్తిగా వాడితే ఖర్చయ్యేది సుమారు 3.3 యూనిట్లు, మీ యింటి కరెంటు బిల్లులో వుండే యూనిట్లే. అది ఆ కారు బ్యాటరీ నుంచే పోవాలి.

అందుకే ఈ పందెంలో జట్టు ప్రతిభ పొదుపులో కనిపిస్తుంది. ఈ కార్లు పందెంలో వాడే శక్తిలో 40 శాతానికి పైగా బ్రేకు వేసినప్పుడు తిరిగి రాబట్టుకున్నదే. ఇది మనకు కొత్త కాదు. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్.టి.సి. విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. కొండ ఎక్కేటప్పుడు అవి ఖర్చు చేసే శక్తి ఎంతో లెక్క వెయ్యండి. బస్సు బరువు 10 టన్నులనీ, ఎక్కే ఎత్తు 700 మీటర్లనీ అనుకుందాం. 10,000 × 10 × 700, అంటే 7 కోట్ల జౌళ్లు. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు కాబట్టి ఎత్తు ఎక్కడానికే 19 యూనిట్లకు పైగా కావాలి. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి అందులో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి యిస్తుంది. ఘర్షణ వల్ల అంతా రాదు. ఎంత ఎక్కువ రాబట్టగలిగితే అంత గొప్ప యంత్రం, అంత గొప్ప డ్రైవరు.

హైదరాబాదు పందెంలో ఏం జరిగిందో చూడండి. డి.ఎస్. పెన్‌స్కే జట్టుకు చెందిన జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఎన్విజన్ జట్టు డ్రైవరు నిక్ కాసిడీ చివరిదాకా వెంటాడినా అతన్ని దాటలేక రెండో స్థానంలో ఆగాడు. మూడోవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ, అనుమతించిన దానికన్నా ఎక్కువ సామర్థ్యం వాడినట్టు తేలడంతో 17 సెకన్ల శిక్ష పడి ఆ స్థానం పోగొట్టుకున్నాడు. జాగ్వార్ జట్టుదైతే యింకా విచారం. అందరికన్నా ముందు నిలబడి పందెం మొదలుపెట్టినది ఆ జట్టు కారే. ఆ జట్టు రెండో కారు వచ్చి దాన్ని గుద్దింది. రెండూ పందెం నుంచి తప్పుకున్నాయి.

ఆ సీజను చివర జట్ల పట్టికలో ఎన్విజన్‌కు 304, జాగ్వార్‌కు 292 పాయింట్లు. తేడా 12. ఒక పందెంలో మూడో స్థానానికి వచ్చే పాయింట్లు 15! ఎన్విజన్ కారులో వున్న మోటారు కూడా జాగ్వార్ తయారుచేసినదేనంటే మీరు ఆశ్చర్యపోతారు. ఒకే మోటారు, ఒకే రకం బ్యాటరీ, ఒకే సాయం. తేడా మనుషుల నిర్ణయాల్లో వుంది.

కొందరు పందెపు అభిమానులు దాటే సాయాలన్నీ కృత్రిమమే, తీసివెయ్యాలంటారు. నేను అంతదూరం పోను. చెదిరిన గాలి వల్ల వచ్చిన అన్యాయాన్ని సరిచెయ్యడం తప్పు కాదు. అయితే మంచి సాయానికి రెండు గుర్తులుండాలి: అది అందరికీ సమానంగా అందాలి, వాడుకున్నవాడు దానికి కొంత వెల చెల్లించాలి. 2011 నాటి కెర్స్ చిన్న జట్లకు అందలేదు. డి.ఆర్.ఎస్. అందరికీ వున్నా, వెనకవాడికి ఉచితంగా వచ్చింది, ముందువాడికి ఎదురు చెప్పే వీలు లేకపోయింది. 2025తో దాన్ని ముగించి, 2026 నుంచి వెనకవాడికి అదనపు విద్యుత్తు వాడుకునే వీలు కల్పించే పద్ధతికి మారారు. వెల చెల్లించి తెచ్చుకునే అటాక్ మోడే నా దృష్టిలో న్యాయమైనది.

ఇక చివరిదీ, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ చెబుతాను. పందెపు దారిలో ఎదురుగా వచ్చే బండి వుండదు. తిరుమల కొండకు కూడా ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డుకు తోడు 1974లో రెండోది వచ్చింది. కాని భాకరాపేట ఘాట్ మలుపుల్లోనో, మీ వూరి రెండు వరసల రోడ్డు మీదనో అలా కాదు. గంటకు 60 కిలోమీటర్లతో పోయే బస్సును 80తో పోయే మోటారు సైకిలు దాటాలనుకోండి. బస్సు పొడవూ, ముందూ వెనకా వదలవలసిన చోటూ కలిపి 40 మీటర్లు. వేగాల తేడా సెకనుకు 5.55 మీటర్లే. కనుక 7 సెకన్లకు పైగా పడుతుంది. ఆలోపు బండి 160 మీటర్లు పోతుంది. ఎదురుగా 60తో వచ్చే లారీ 120 మీటర్లు వస్తుంది. అంటే 280 మీటర్ల దారి ఖాళీగా కనబడితేనే దాటాలి. మలుపులో అంత దూరం కనబడుతుందా?

“ఇంకా వేగంగా పోతే త్వరగా దాటవచ్చు కదా, సార్!” అని మీలో చురుకైనవారు అడుగుతారు. 100తో పోతే 160 మీటర్లు చాలు, లెక్క నిజమే. కాని గతిశక్తి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే బ్రేకు వేసి ఆగడానికి కావలసిన దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంచనా తప్పితే సర్దుకోవడానికి చోటుండదు. కొత్త బండ్ల బలం చూసి పెద్దవాళ్ళు కూడా ఈ సంగతి మరిచిపోతున్నారు. బండి మనకు సామర్థ్యం యిస్తుంది. దారి ఖాళీగా వుందో లేదో చెప్పేది మన కళ్ళే.

మీకింకా బండి నడిపే వయసు రాలేదు. ఇప్పుడు ఒక పని చెయ్యండి. మీ వూరి రోడ్డు పక్కన, దూరంగా నిలబడి, ఒక మలుపు నుంచి మరో మలుపుకు ఎన్ని అడుగులో పెద్దల తోడుతో అంచనా వెయ్యండి. 280 మీటర్లు లేకపోతే ఆ సంగతి యింట్లో బండి నడిపే మీ నాన్నకూ, అన్నకూ చెప్పండి. మీరు నేర్చుకున్న సైన్సుకు అంతకన్నా మంచి ఉపయోగం నాకు కనిపించడం లేదు.