పానా పట్టండి!

ఏం చేస్తున్నాం మనం? ఇనుము వంచగల వయసులో ఉన్న మన చేతులు ఏం చేస్తున్నాయి? పోచంపల్లి బస్టాండు దగ్గర పొద్దెక్కేదాకా ఫోను తడుముతున్నాయి. కొలువు నోటిఫికేషన్ పడుతుందా, పడదా అని వెతుకుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నోట్సు రాసి రాసి, ఏళ్లు కరిగాక ఊరికి తిరిగొచ్చి, మళ్లీ అదే అరుగు మీద వాలుతున్నాయి. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా గోడకు వేలాడుతుంటే, నాన్న వ్యాన్ దారి మధ్యలో ఆగిన రోజున ఇంజన్ ముందు సీటు కింద ఉంటుందని కూడా తెలియక దిక్కులు చూస్తున్నాం! నాలుగేళ్ల చదువు! లక్షల ఫీజు! ఒక్క బోల్టు విప్పలేదు, ఒక్క గ్యాస్కెట్ మార్చలేదు! మిత్రులారా, ఇది ఎవరో పెద్దాయన పెడుతున్న చీవాట్లు కావు. మీతోపాటు ఆ అరుగు మీదే కూర్చున్న మీ తోటివాడి మాట.

మన వీధుల్లో ఇళ్ల వెనకాల చూడండి. మునగచెట్టు కింద, గడ్డి మొలిచిన టైర్లతో, ఒక మారుతి ఓమ్ని కనబడుతుంది. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్నిగా పేరు మార్చుకుని, 2019లో తయారీ ఆగేదాకా ఈ దేశపు చిన్న పల్లెల భారమంతా మోసిన బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. చీరల మూటలు మోసింది, నూలు కట్టలు మోసింది, బడిపిల్లలను మోసింది, అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఉన్న తల్లులను భువనగిరి ఆసుపత్రికి చేర్చింది. ఇప్పుడు కోళ్లు దానిలో గుడ్లు పెడుతున్నాయి. అంత పెద్ద జబ్బేం చేసింది దానికి? చాలాసార్లు ఏమీ చేయలేదు! అరచేతిలో పట్టే ఒక ప్యాకింగ్, అదే గ్యాస్కెట్, కాలిపోయింది. దాన్ని పట్టించుకునే నాథుడు లేక బండి పాతసామాన్ల పాలైంది. బాగు చేస్తే బతికేదాన్ని చేతులు కట్టుకుని చూస్తూ చంపుకున్నాం. చేతకాక కాదు, చెయ్యి పెట్టక!

ఆ జబ్బు ఎలా పట్టాలో ఎవరైనా మనకు చూపించారా? రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేసి చెవి పెట్టండి. టిక్, టిక్, టిక్. రెండు మైళ్లు పోయాక ఆ చప్పుడు సన్నగిల్లుతుంది. ఎందుకు? వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కనుక. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ హెడ్‌కు అతికే చోట టార్చి వేసి చూడండి, నల్లటి మసి చార కనబడుతుంది. పొగ తప్పించుకుంటున్న దారి అదే. ఓమ్నిలో ఇంజన్ మనిషి కూర్చునే చోటికిందే ఉంటుంది, కాబట్టి ఆ లీకు వెంబడి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి ఎక్కుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. డ్రైవర్‌కు తలనొప్పి, తర్వాత మగత. వెనక సీట్లో పదిమంది పిల్లలు! ఇంత ప్రాణాంతకమైన సంగతి మన ఊళ్లో ఎంతమందికి తెలుసు?

పని చూడండి, ఎంత నిగ్రహం అడుగుతుందో! తుప్పు పట్టిన నట్ల మీద ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి నాననివ్వాలి. ఓపిక లేక పానా మీద ఒళ్లు వాల్చారా, స్టడ్ పుటుక్కున తెగుతుంది, హెడ్‌లో మిగిలిన ముక్కను డ్రిల్ పెట్టి తవ్వి తీయాలి. పాత ప్యాకింగ్‌ను ఎండుగా గీకి దుమ్ము లేపకండి, వెనకటి గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది; తడిపి, మూతికి మాస్కు కట్టుకుని తీయండి. మ్యానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద సందులో ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడండి. వంగి ఉంటే లేత్ షాపుకు పట్టుకెళ్లి చదును చేయించాలి. అది చేయకుండా కొత్త గ్యాస్కెట్ వేయడం డబ్బు తగలేయడమే. అట్టముక్క కత్తిరించి పెట్టే తెలివి ఇక్కడ చెల్లదు. ఆ వేడికి గంటలో బూడిద అవుతుంది. ఇక బిగింపు: నడిమి నట్టు నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా బయటికి, రెండు మూడు దఫాలుగా, టార్క్ రెంచ్‌తో. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి చూడాలి. తొందర మనిషికి లొంగే పని కాదిది!

ఇంజనే నీలిపొగ వదులుతోందా? ఆయిల్ తాగుతోందా? బెంబేలెత్తకండి, విప్పండి. కానీ విప్పకముందే అడగాల్సింది అడగండి. ప్లగ్గు తీసి కంప్రెషన్ గేజ్ పెట్టండి. తక్కువ చూపితే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగిందంటే రింగుల జబ్బు. పెరగలేదంటే వాల్వుల మీద అనుమానం. చూశారా, ఒక చెంచాడు ఆయిల్ చెప్పే సత్యం! బోరు అరిగితే 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు, చాలకపోతే 0.50, అలా బోర్ కొట్టించి దానికి తగిన పిస్టన్లు వేయాలి. రింగు వేసేముందు దాన్ని బోరులో నిలిపి కొసల మధ్య సందు కొలవాలి. బేరింగ్ క్యాపులను ఏది ఎక్కడిదో గుర్తు పెట్టి, తీసిన చోటే, తీసిన వైపే బిగించాలి. తారుమారైతే క్రాంక్ పట్టేస్తుంది. వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో రుద్ది రుద్ది, చుట్టూ సమానమైన బూడిదరంగు వలయం కనబడేదాకా ఆగాలి. ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి: అడుగు రేకులు, చాసిస్ తుప్పు తిని బోలుగా మారిన బండికి కొత్త ఇంజన్ పెట్టి జనాన్ని ఎక్కించడం పాపం. దాన్ని తుక్కుకు ఇచ్చేయండి. బాగైన ఒళ్లున్న బండిని మాత్రం చావనివ్వకండి!

ఈ కొలతలు, ఈ ఓర్పు మనకు రానివా? మన అమ్మానాన్నలు ఎవరు? నేయకముందే దారానికి దారం కట్టి, రంగులద్ది, ఆ రంగు మగ్గం మీద పూవై, చిలకై పొరపాటు లేకుండా కలిసేలా లెక్క వేసినవాళ్లు! పోచంపల్లి ఇక్కత్ అంటే ప్రపంచం గుర్తించేది ఆ లెక్కనే. అంత కచ్చితమైన రక్తం మనలో పారుతుంటే, ఫీలర్ గేజ్ చూసి భయమా?

ఆలేరు దగ్గర శారాజీపేటను గుర్తు చేసుకోండి. ఆ ఊరి చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆసు, అంటే నేతకు ముందు దారాన్ని చేత్తో గూటాల చుట్టూ తిప్పే పని, పోసీ పోసీ ఆయన తల్లి లక్ష్మి భుజాలు అరిగిపోయాయి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. ఆ నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టాడు. డబ్బు లేదు, పట్టా లేదు, ఊళ్లో నవ్వేవాళ్లకు కొదవ లేదు. పొట్టకూటికి హైదరాబాదులో పనిచేస్తూ, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను కళ్లారా చూసి తనకు అడ్డుపడ్డ చిక్కుముడి విప్పుకున్నాడు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, దానికి తల్లి పేరు పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ను పొగిడి ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టడం మనకు తెలుసు. ఆయన చేసిన పని, అంటే యంత్రం విప్పి దాని మనసు తెలుసుకోవడం, ఎందరం చేశాం?

"రేపంతా కరెంటు బండ్లే కదా, ఈ పెట్రోలు ఇంజన్ నేర్చుకుని ఏం లాభం?" అంటారు. మల్లేశం కూడా "ఏం లాభం" అనుకుని ఉంటే? చప్పుడు విని జబ్బు పట్టే చెవి, కొలిచి నమ్మే బుద్ధి, విప్పినదాన్ని వరుస తప్పకుండా బిగించే శ్రద్ధ రేపటి మోటారుకైనా, సోలార్ పంపుకైనా, మరమగ్గానికైనా అక్కరకొస్తాయి. ఇక "మా వాడికి గ్రీజు పనెందుకు" అనే ఇళ్లకు చెబుతున్నాను: గ్రీజు సబ్బుతో పోతుంది. పని రాని సిగ్గు దేనితో పోతుంది? చెల్లెళ్లారా, మిమ్మల్నీ పిలుస్తున్నాను! మగ్గం ఇంట్లో సగం పని మీ చేతుల మీదే నడిచింది. షెడ్డు గడప మీకు ఎందుకు పరాయిది కావాలి?

దారులు లేవా? మన మండలంలోనే జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ పల్లె యువతకు చేతిపనులు నేర్పుతోంది. బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది. రాష్ట్రంలోని 65 ఐటిఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త యంత్రాలతో తీర్చిదిద్దే పని 2024లో మొదలైంది. హైవే ఎక్కితే వనస్థలిపురం ఆటోనగర్ మనకు గంట దూరం. అక్కడ ఒక్క శనివారం నిలబడి చూడండి, ఏ తరగతి గదీ చెప్పని పాఠం దొరుకుతుంది. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ కంపెనీలు పుట్టిన నేల ఇది. మన తాతలు ఇనుముతో మాట్లాడారు. మనం తెరలతో మాట్లాడుతున్నాం!

1951 ఏప్రిల్ 18. ఇదే పోచంపల్లి. వినోబా భావే ముందు దళితులు 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఒక్క మనిషి లేవడంతో దేశం కదిలింది! ఇవాళ ఎవరూ మనల్ని భూమి అడగడం లేదు. వారానికి ఒక ఆదివారం అడుగుతున్నాను. ఆగిపోయిన బండి ఉన్న ఇల్లు ఆ బండిని ఇవ్వాలి. చేయి తిరిగిన మేస్త్రీ తన విద్యను ఇవ్వాలి. మనం మన చేతులు ఇవ్వాలి. ఎవరు లేస్తారు? ఎవరు ముందు లేస్తారు?

ఊరికి పదిమంది చాలు. పేర్లు ఇవ్వండి, ఒక షెడ్డు చూద్దాం. ఒక టార్క్ రెంచ్, ఒక కంప్రెషన్ గేజ్, ఒక ఫీలర్ గేజ్ చందా వేసుకుని కొందాం. మేస్త్రీని పిలిచి, ఆయనకు దక్కాల్సిన కూలి ఇచ్చి, పక్కన కూర్చుని నేర్చుకుందాం. ఈ ఎండాకాలం సెలవులు దాటకముందే మొదటి ఇంజన్ విప్పుదాం. రండి!