కొండ మీది పెళ్లి – ఇంటికి చేరాక వచ్చే జ్వరం

శుభలేఖలో ముహూర్తం ఉంటుంది, వధూవరుల పేర్లు ఉంటాయి, విడిదికి దారి చూపే చిన్న పటం ఉంటుంది, చందన తాంబూలాది సత్కారాలు అందుకొనవలసినదిగా ప్రార్థన ఉంటుంది. వచ్చే అతిథి తన ఆరోగ్యం కోసం ఏమి జాగ్రత్త పడవలెనో తెలిపే వాక్యం మాత్రం ఒక్కటీ ఉండదు. పెళ్లి పొరుగూరిలో జరిగితే ఇది పెద్ద లోపం కాకపోవచ్చును. సముద్రతీరాన బయలుదేరి, కొన్ని గంటలలో సుమారు మూడువేల అడుగుల ఎత్తున ఉన్న అరకులోయకు చేరవలసిన పెళ్లికి ఈ లోపం ప్రాణం మీదికి తేగలదని నా అనుభవం. ఆ అనుభవాన్నే ఇక్కడ మనవి చేస్తున్నాను.

నేను గురుకుల పద్ధతిలో వైద్యం అభ్యసించినవాడిని. యౌవనంలో గురువుగారి వెంట మూలికల కోసం అనంతగిరి అడవులలో తిరిగాను. నలభై ఏళ్లుగా ఘాట్ రోడ్డుకు దిగువన, శృంగవరపుకోట ప్రాంతంలో వైద్యం చేస్తున్నాను. కొండెక్కే పెళ్లిబస్సులు మా ముందు నుండే పోతాయి.

కొన్నేళ్ల క్రిందట శ్రావణ మాసంలో యాభై ఏళ్ల గృహస్థు ఒకరు జ్వరంతో నా వద్దకు వచ్చారు. వానాకాలం, ఏ ఇంట చూచినా జ్వరమే. చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు అన్నారు. నాడి చూచాను, నాలుక చూచాను. తిప్పతీగ, నేలవేము, శొంఠి వేసి కాచిన కషాయం ఇచ్చి, లంఘనం చెప్పి పంపాను. మరునాడు జ్వరం దిగినట్లే కనిపించింది. మూడవనాడు మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రానికి మాట తడబడింది. ఎదుటి మనిషిని పోల్చుకోలేకపోయారు. అప్పుడు ఆయన భార్య, “కొండ మీద పెళ్లి నుంచి వచ్చినప్పుడు బాగానే ఉన్నారండీ వైద్యులు గారూ. వచ్చి పన్నెండు రోజులు దాటింది” అన్నది. ఆ మాట విని నా చేతులు చల్లబడినవి. వెంటనే ఆసుపత్రికి పంపాను. రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలింది. అప్పటికే అది మెదడుకు సోకింది. ఆ ఆసుపత్రి వైద్యుల కృషి వలన ఆయన బ్రతికారు. నా వలన మాత్రం కాదు.

రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అనే మూడింటితో పరీక్షించవలెనని మన శాస్త్రం చెప్పుతున్నది. రోగి ఎక్కడ పుట్టినాడు, ఎక్కడ పెరిగినాడు, ఏ ప్రదేశంలో రోగం పట్టినది అని విచారించవలెనని చరకసంహిత విమానస్థానంలో స్పష్టంగా ఉన్నది. నేను చూచాను, తాకాను, అడగలేదు. “ఈ నెలలో ఏ ఊరికైనా వెళ్లి వచ్చారా?” అన్న ఒక్క ప్రశ్నకు అరనిమిషం పట్టదు. తప్పు శాస్త్రంలో లేదు, నాలో ఉన్నది. నాటి నుండి జ్వరంతో వచ్చిన ప్రతివారినీ మొట్టమొదట ఆ ప్రశ్నే అడుగుతున్నాను.

ఆయుర్వేద పత్రికలో రక్తపరీక్ష గురించి వ్రాయుట ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చును. మలేరియా క్రిమికి దోమతో గల సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. నేడు ఫాల్సిపారం చికిత్సలో ప్రధానమైన ఆర్టిమిసినిన్ అనే ఔషధం ఒక మొక్క నుండి వచ్చినదే. చైనా ప్రాచీన వైద్యగ్రంథంలోని సూచనను పట్టుకొని, ప్రయోగశాలలో పరీక్షించి, దానిని లోకానికి అందించిన తూ యూయూ అనే విదుషీమణికి 2015లో నోబెల్ బహుమతి లభించినది. మూలికకు గౌరవం తెచ్చినది పరీక్షయే. మలేరియా జ్వరాన్ని ఇంటి కషాయంతో మూడు రోజులు చూద్దామనుకొనుట వైద్యం కాదు. ఇది నలభై ఏళ్లుగా కషాయాలు కాచి ఇచ్చినవాడు చెప్పుతున్న మాట.

మన దేశంలో మలేరియా మునుపటికంటె చాలా తగ్గినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కించే అధిక భారం గల దేశాల వరుస నుండి 2024లో భారతదేశం బయటపడినది. అయినా తూర్పు కనుమల గిరిజన గ్రామాలలో వానాకాలం వచ్చిందంటే ఈ భయం నేటికీ ఉన్నది. దానివలన మొదట బాధపడేది అక్కడి గిరిజన సోదరులే. రెండురోజులు ఉండిపోయే అతిథి వారిని చూచి జంకవలసిన పని లేదు. దోమ విషయంలో జాగ్రత్తపడితే చాలును.

ఇక ప్రయాణం సంగతి. దూరప్రాంతాల నుండి వచ్చేవారు రైలు దిగిన వెంటనే కొండెక్కరాదు. విశాఖపట్టణంలో ఒక రాత్రి విశ్రమించి, తెల్లవారిన తరువాత బయలుదేరుట మేలు. నిద్రలేమి, ఎడతెగని ప్రయాణం, వేళ తప్పిన భోజనం ఈ మూడూ వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. రోడ్డు మలుపులకు కడుపులో తిప్పేవారికి ఉదయం వెళ్లే కిరండూల్ ప్యాసింజరు అనుకూలం. కొత్తవలస–కిరండూల్ మార్గం బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసినది. ఇందులో 58 సొరంగాలు ఉన్నవి. పిల్లలను కిటికీలోనుండి చేతులు బయట పెట్టనీయరాదు. వర్షాలకు కొండచరియలు విరిగిపడినప్పుడు బండ్లు ఆగిపోతాయి గనుక, శ్రావణ ముహూర్తానికి వచ్చేవారు బయలుదేరేముందు విచారించుకొనవలెను.

బస్సులో వెళ్లేవారు పూరీలు, బజ్జీలు మాని రెండు ఇడ్లీలతో సరిపెట్టుకొనవలెను. ఖాళీ కడుపు కూడా పనికిరాదు. వాంతి స్వభావం గలవారు ముందు సీటులో కూర్చుండి, పుస్తకం, ఫోను మూసివేసి, దూరంగా కనిపించే కొండను చూడవలెను. కన్ను చూచే కదలికకు, చెవి లోపలి భాగం గ్రహించే కదలికకు పొంతన కుదరనందువలననే ఈ వికారం పుట్టుతున్నది. బయలుదేరడానికి అరగంట ముందు పావుచెంచా శొంఠిపొడి తేనెతో తీసికొనుట నా రోగులలో చాలామందికి ఉపకరించినది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె పెట్టరాదు. రక్తం పలుచబడుటకు మందు వాడేవారు వైద్యుని అడిగి గాని శొంఠి వాడరాదు.

పెళ్లిబస్సులో స్త్రీలు దారిలో సదుపాయం ఉండదని నీళ్లు త్రాగరు, మూత్రం బిగబట్టుకుంటారు. ఆపరాని వేగాలు పదమూడింటిలో మూత్రవేగం ఒకటని మన ఆచార్యులు ఒక అధ్యాయమంతా వ్రాసినారు. పెళ్లివారు ఘాట్ ఎక్కక ముందే శుభ్రమైన చోట బస్సు ఆపే ఏర్పాటు చేయవలెను. ఇది మేళం కుదుర్చుకొనుట కంటె ముఖ్యమైన పని. రక్తపోటు, మధుమేహం మందులు బస్సు మీదికెక్కించే పెట్టెలో కాక, చేతిసంచిలోనే ఉండవలెను.

మాఘంలో అరకు రాత్రులు సముద్రతీరం వారికి అలవాటు లేని చలి రాత్రులు. పట్టుబట్టల క్రింద ఉన్ని బనీను, చెవులకు మఫ్లరు ఉంటే పెద్దలకు రక్ష. ఉబ్బసం ఉన్నవారు తమ మందు మరువరాదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనుట మహాప్రమాదం. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాచి చల్లార్చిన నీరు త్రాగవలెను. విందు ఎంత రుచిగా ఉన్నా రాత్రిపూట పెరుగు మాని పలుచని మిరియాల చారు పోసికొనుట మంచిది.

దోమ ఏ కాలంలోనైనా దోమే. సాయంత్రం నుండి ఒళ్లంతా కప్పే బట్టలు, పడకకు దోమతెర తప్పవు. వేపాకు పొగ మంచిదే గాని దోమతెరకు బదులు కాదు. గర్భిణులు, పసిబిడ్డల తల్లులు వానాకాలపు పెళ్లికి కొండెక్కేముందు డాక్టరును అడిగి రావలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటికి చేరిన తరువాతి సంగతి. దోమ కుట్టిన నాడే జ్వరం రాదు. సాధారణంగా వారం దాటి, నెలలోపు వస్తుంది; వైవాక్స్ అనే రకం కొన్ని నెలలకు కూడా బయటపడవచ్చును. అప్పటికి పెళ్లి ఫోటోలు కూడా చూచి ముగించి ఉంటాము. కొండ సంగతి మనకే జ్ఞాపకం ఉండదు, ఇక వైద్యునికెట్లు తెలుస్తుంది? జ్వరం వచ్చిన నాడే రక్తపరీక్ష చేయించుకొనవలెను. మొదటి పరీక్షలో ఏమీ కనిపించక జ్వరం తగ్గకుంటే మళ్లీ చేయించవలెను. “ఏజెన్సీకి వెళ్లి వచ్చాను” అని అడగకుండానే చెప్పవలెను. మలేరియా కాదని తేలిన తరువాత తిప్పతీగ కషాయం ఎక్కడికీ పోదు.

కనుక అరకులో పెళ్లి చేసే ప్రతి గృహస్థునకు నా విన్నపం ఒక్కటే. శుభలేఖలో ఒక చిన్న కాగితం పెట్టండి. ఉన్నిబట్టలు, దోమతెర, నిత్యం వాడే మందులు తెచ్చుకొమ్మనండి. దగ్గరి ఆసుపత్రి పేరు, 108 అంకె వ్రాయండి. చివరగా ఈ మాట అచ్చువేయించండి: “ఇంటికి చేరిన తరువాత నెలలోపు జ్వరం వస్తే అదేనాడు రక్తపరీక్ష చేయించుకొని, అరకు వెళ్లి వచ్చినట్లు వైద్యునికి చెప్పగలరు.” శుభమా అని పెళ్లి జరుగుతుంటే జ్వరం మాట ఎందుకని పెద్దలు అభ్యంతరపెట్టవచ్చును. మన పిలుపు విని వచ్చినవారు క్షేమంగా ఉండవలెనని కోరుట అశుభం ఎట్లవుతుంది? పసుపు కుంకుమలిచ్చి సాగనంపడంతో ఆతిథ్యం ముగియదు. పదవనాడు ఒకసారి ఫోను చేసి “అంతా కులాసాయేనా?” అని అడగండి. నేను ఒకనాడు అడగక పోగొట్టుకొనబోయిన ప్రాణం ఆ ఒక్క ప్రశ్నతో దక్కేది.