నడివీధిలో కాదు, నాలుగు గోడల మధ్య

1988 నవంబరు 2న కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఓ చిన్న ప్రోగ్రామ్‌ను ఇంటర్నెట్‌లోకి వదిలాడు. నష్టం చేయాలన్న ఉద్దేశం తనకు లేదన్నాడు. కానీ అందులోని పొరపాటు వల్ల అది ఒకే కంప్యూటర్‌లోకి పదేపదే చొరబడింది. దాదాపు 6,000 కంప్యూటర్లు మొరాయించాయని అప్పటి అంచనా. నాలుగు గోడల మధ్య చేయాల్సిన ప్రయోగాన్ని నడివీధిలో చేస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

ఆ పాఠం ఒంటబట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2003 జనవరిలో స్లామర్ వార్మ్ విరుచుకుపడింది. లోపమున్న సర్వర్లలో అత్యధికం పది నిమిషాల్లోనే దాని బారిన పడ్డాయి. అదే ఏడాది నేషనల్ సైన్స్ ఫౌండేషన్, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖల నిధులతో సదరన్ కాలిఫోర్నియా, బర్క్‌లీ యూనివర్సిటీలు 'డిటర్' టెస్ట్‌బెడ్‌కు శ్రీకారం చుట్టాయి. టెస్ట్‌బెడ్ అంటే బయటి నెట్‌తో పొత్తు లేకుండా కట్టుకున్న బుల్లి ఇంటర్నెట్. అందులోకి వార్మ్‌ను వదిలి ఎలా పాకుతుందో, ఏ అడ్డుకట్టకు ఆగుతుందో చూస్తారు. పనయ్యాక అంతా తుడిచేసి మళ్లీ మొదలెడతారు. ఒకరి ప్రయోగాన్ని మరొకరు సరిచూసుకోవచ్చు.

ఇదంతా దండగ ఖర్చనే వాళ్లున్నారు. 2021 మేలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ హ్యాకర్లకు సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది. తర్వాత అందులో కొంత రాబట్టారనుకోండి. అయినా గ్యాస్ స్టేషన్ల ముందు జనం పడిన పాట్లు తిరిగిరావు కదా! డిటర్ తర్వాతి తరంగా 2023లో మంజూరైన 'స్ఫియర్' టెస్ట్‌బెడ్‌కు ఇచ్చింది కోటీ 80 లక్షల డాలర్లు. ఇలాంటి నాలుగైదు బెదిరింపులకు చెల్లించే సొమ్ముతో దేశంలోని పరిశోధకులందరికీ ఓ ప్రయోగశాల వస్తుందన్నమాట.

మనవాళ్లకు మా విన్నపం ఒక్కటే. సొంతూరి ఇంజినీరింగ్ కాలేజీలకు ఏటా కంప్యూటర్లు కొనిచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు. అందులో ఓ ఇరవై కంప్యూటర్లను బయటి నెట్‌కు కలపకుండా, భద్రతా ప్రయోగాలకే కేటాయించమని అడగండి. నేర్పడానికి ఓ అధ్యాపకుడికి శిక్షణ ఇప్పించండి. దాడి ఎలా జరుగుతుందో కళ్లారా చూసిన కుర్రాడే రేపు ఓ ఆసుపత్రినో, బ్యాంకునో కాపాడగలడు. పుస్తకంలో ఈత నేర్చినవాణ్ణి ఏట్లోకి దించితే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ఇదే మేలు.