ఎండిన బోరును అడుగు నుంచి పూడ్చాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతులకు, పంచాయతీ పెద్దలకు విన్నపం



చీనీ చెట్లు కళ్లముందే వాడిపోతుంటే అప్పు చేసైనా ఇంకో బోరు వేస్తాం. వెయ్యి అడుగులు దింపినా దుమ్ము తప్ప తడి తగలని బోర్లు మనకు కొత్త కాదు. ఆ ఆరాటంలో పాత బోరు సంగతి ఎవరికీ పట్టదు. మోటారు తీస్తాం, కేసింగు పైపు పీకేస్తాం, మూతి మీద గోనెసంచి కప్పి బండ పెడతాం. వానలకు గోనె చీకిపోతుంది, సేద్యంలో బండ పక్కకు జరుగుతుంది. పసిబిడ్డ జారిపోవడానికి ఆరున్నర అంగుళాల సందు చాలు.

బండ బదులు గట్టి మూత బిగిస్తే సరిపోదా? బిడ్డకు సరిపోతుందేమో, నీళ్లకు సరిపోదు. కేసింగు పీకిన బోరు గోడల వెంట ఎరువు, పురుగుమందు కలిసిన నీళ్లు మట్టిలో వడగట్టుకోకుండా నేరుగా లోతుకు దిగుతాయి. జమ్మలమడుగు వైపు అడుగున ఉన్నది నాపరాయి, సున్నపురాయి. ఆ రాళ్లలోని పగుళ్లు పట్టుకుని పక్క రైతు బోరులోకీ చేరగలవు.

అందుకే అడుగు నుంచి పూడ్చాలి. 2010లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో నేలమట్టం దాకా నింపాలని. ఇన్నేళ్లయినా మన పొలాల్లో బండే మూత.

కింది భాగం అలాగే నింపి, పైభాగానికి మాత్రం బెంటోనైట్ వాడమంటున్నాం. అది మన నల్లరేగడిలోని బంకమన్ను జాతిదే. రాజస్థాన్, గుజరాత్‌లలో తవ్వుతారు. సిమెంటు ఆరేకొద్దీ కాస్త కుంచించుకుని అంచుల్లో సందు వదులుతుంది. బెంటోనైట్ తడి తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బి గోడలకు అదుముకుంటుంది, నేల కదిలినా మళ్లీ సర్దుకుంటుంది. ఆస్ట్రేలియాలో గ్యాసు బావులను మూయడానికీ దీన్ని వాడుతున్నారు. ఒక్క జాగ్రత్త: బస్తా ఒకేసారి కుమ్మరిస్తే పలుకులు నడిమధ్యలో ఇరుక్కుని కింద డొల్ల మిగులుతుంది. కొద్దికొద్దిగా పోస్తూ, తాడుకు బరువు కట్టి లోతు చూసుకోవాలి. బోరు ఎండినది కాబట్టి పొరపొరకూ నీళ్లు పోయాలి.

మన మంగంపేట ముగ్గురాయి ఎక్కడెక్కడి చమురు బావుల్లోనో ఒత్తిడిని అదుపు చేస్తోంది. ఆ బావులపై చూపే శ్రద్ధలో కొంతైనా మన బోర్లకు దక్కాలి.

నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. బోరుకు అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ అనుమతికే ప్రభుత్వం ఒక షరతు కలపాలి: ఎండిన పాత బోరు పూడ్చినట్టు పంచాయతీ చూసి సంతకం పెట్టాకే కొత్త బోరుకు రిగ్గు కదలాలి. ఖర్చు ఇప్పటికే మునిగిన రైతు మీద వేయొద్దు. బెంటోనైట్ ప్రభుత్వం ఇవ్వాలి, పూడ్చే పని ఉపాధి హామీలో చేర్చాలి. వచ్చే గ్రామసభలో మీ ఊరి ఎండిన బోర్ల లెక్క సర్వే నంబర్లతో సహా రాయించి, తీర్మానం చేసి కలెక్టరుకు పంపండి.