విడిచిపోయిన కారు: రైతు కర్తవ్యము

మన గ్రామములకు మంచి బాటలు వచ్చినవి. బాటలతో బాటు మోటారు బండ్లును వచ్చినవి. కృష్ణా గోదావరీ డెల్టాలలో కాలువగట్లమీదనే తారురోడ్లు సాగుచున్నవి. తెలంగాణమునందును రాయలసీమయందును రహదారులు పంటచేల నడుమనుండి పోవుచున్నవి. రాత్రివేళ అదుపు తప్పిన కారు చెట్టునకు గ్రుద్దుకొనుటయో, కాలువలోనికి జారుటయో, వరిచేనిలోనికి దూకుటయో తరచుగా సంభవించుచున్నది. నడపినవాడు తలుపు తెరచుకొని చీకటిలో కలిసిపోవును. తెల్లవారుజామున నీరు కట్టుటకు పోయిన రైతునకు చూచు దిక్కులేని బండి కనబడును. అతడు దానిని పోలీసులకు తెలుపవలెనా, తన పని తాను చూచుకొని పోవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనిలో మన ప్రాణములకును పంటలకును సంబంధించిన విషయములు పెక్కు గలవు.

ఊరకుండుట మంచిదని చెప్పువారి వాదమును ముందుగా ఆలకింతము. "బండిలో ఎవరును లేరు. దెబ్బ తగిలినవాడైనచో అక్కడనే పడియుండును గదా. బండి గలవాడు తానే వచ్చి తీసికొనిపోవును. మనము చెప్పినయెడల మనలనే ఠాణాకు పిలిపింతురు, సాక్షులుగా కోర్టు చుట్టు త్రిప్పుదురు. నాట్ల దినములలో ఒక పూట పోయినను నష్టమే. పైగా ఆ బండి ఏ పెద్దమనిషిదో అయినయెడల లేనిపోని వైరము." ఈ మాటలు పిరికివారి మాటలని త్రోసివేయుట న్యాయము కాదు. ఠాణా మెట్లెక్కి దినములు పోగొట్టుకొన్నవారు మన గ్రామములలో లేకపోలేదు. అయినను ఒక్కొక్క కారణమును విడదీసి చూచినచో, మౌనమువలన కలుగు నష్టమే హెచ్చని తేలుచున్నది.

మొదటిది ప్రాణము సంగతి. బండి ఖాళీగా నున్నంత మాత్రమున మనుష్యుడు క్షేమముగా నున్నాడని తలంపరాదు. బండి పల్టీకొట్టునప్పుడు లోపలివారు దూరముగా విసరివేయబడుదురు. తలకు దెబ్బ తగిలినవాడు కొంతదూరము నడచి గట్టు చాటున కూలిపోవుట గలదు. కాలువలో మునిగిన బండి అయినచో లోపల ఎవరున్నదియు గట్టునుండి కనబడదు. కనుక మొదట చుట్టుప్రక్కల చేలు, బోదెలు, పొదలు వెదకవలెను. ఎవరైన కనబడినచో 108కి చెప్పవలెను. ఈ ఏర్పాటు మన రాష్ట్రముననే 2005 ఆగస్టు 15వ తేదీన ఆరంభమైనది. పోలీసులకు 112 సంఖ్య గలదు. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి 7 దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, చేతి సొమ్ము చెల్లింపకయే చికిత్స జరుగు పథకమును కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించినది. ఆ మేలు గాయపడినవానికి అందవలెనన్నను పోలీసులకు సమాచారము చేరుట అవసరము.

రెండవది, మన కంటికి కనబడని వాని సంగతి. బండిని విడిచి పారిపోయినవాడు ఏల పారిపోయెనో మనమెరుగము. మూడు మైళ్ల వెనుక సైకిలుపై పోవుచున్న పాలవానినో, బండితో పోవుచున్న రైతునో కొట్టివచ్చి ఇచ్చట చిక్కుకొనియుండవచ్చును. కొట్టిన బండి యేదియో తెలియనప్పుడు మోటారు వాహనముల చట్టము చొప్పున చనిపోయినవాని కుటుంబమునకు దక్కునది 2,00,000 రూపాయలు, తీవ్రముగా గాయపడినవానికి 50,000 రూపాయలు. 2022 ఏప్రిల్‌కు పూర్వము అవి వరుసగా 25,000, 12,500 మాత్రమే. బండి యేదియో తెలిసినచో భీమా కంపెనీ బాధ్యత వహించును. ట్రిబ్యునలు చనిపోయినవాని వయస్సు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య విచారించి పరిహారము నిర్ణయించును. కష్టించి ఇల్లు నిలుపుకొను పడుచువాడు పోయినచో ఆ రెంటికిని గల అంతరము ఒక కుటుంబపు బ్రదుకంత. మన చేని ప్రక్కనున్న ఆ నలిగిన బండియే పొరుగూరి వితంతువునకు ఏకైక సాక్షి కావచ్చును. అట్టిచోట మనము మౌనము వహించుట ఆమె నోటి కూడు తీయుటయే.

మూడవది మన పంట. కారు చేనిలోనికి దూకినప్పుడు గట్టు తెగును, పైరు నలుగును, మోటారు పెట్టెయో కంచెయో విరుగును. ఇంధనమును నూనెయు కారి నీటిలో కలియును. పరుల ఆస్తికి కలిగిన నష్టమునకును భీమా గలదనియు, మోటారు ప్రమాదముల ట్రిబ్యునలునందు దానికై అర్జీ పెట్టవచ్చుననియు మన రైతులలో పెక్కురెరుగరు. ఆ అర్జీకి 6 మాసముల గడువును 2019వ సంవత్సరపు సవరణ విధించినది. పోలీసు నమోదు లేక, బండి సంఖ్య లేక, నష్టమును రుజువు చేయుట బహు కష్టము. మధ్యాహ్నమునకు ఎవరో క్రేను తెచ్చి బండిని లాగుకొనిపోయిన పిమ్మట తెగిన గట్టు మాత్రము మనకు మిగులును.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. మనుష్యునికి గాయమైనను, పరుల ఆస్తికి నష్టమైనను, బండి నడపినవాడు వీలైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటలలోపల, సమీప ఠాణాలో తెలుపవలెనని మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను విధించుచున్నది. కావున మొదటి బాధ్యత వానిది. మనపైనను కొంత గలదు. గ్రామమున గాని గ్రామ సమీపమున గాని అనుమానాస్పదముగ మరణము సంభవించినను, శవము కనబడినను, బెయిలు దొరకని నేరము జరిగినట్లు తెలిసినను, గ్రామోద్యోగులే గాక గ్రామవాసులందరును వెంటనే తెలుపవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను చెప్పుచున్నది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడునందును ఇదే నియమముండెను. ఉత్త ఖాళీ బండి కనబడినందున మాత్రమే తెలిపి తీరవలెనని చట్టము మనలను నిర్బంధించుట లేదు. ఇది నిజము. అయితే ఆ ఖాళీ బండి వెనుక నేరమున్నదో మరణమున్నదో తేల్చుట మన పని కాదు, పోలీసుల పని. తేల్చుటకు వారికి మొదట తెలియవలెను గదా.

సాక్ష్యపు భయమునకు ఇప్పుడు కొంత ఉపశమనము గలదు. రోడ్డుపై గాయపడియున్నవానిని గురించి ఫోనులో తెలిపినవానిని పేరు, వివరములు చెప్పుమని నిర్బంధింపరాదను మార్గదర్శకములను సుప్రీంకోర్టు 2016 మార్చి 30వ తేదీన ఆమోదించినది. 2019 సవరణలో 134ఏ సెక్షను చేరి, గాయపడినవానికి మంచి మనస్సుతో సాయపడినవానిపై ఆ వ్యక్తి మరణమునకు గాని గాయమునకు గాని దావా నడువదని చెప్పినది. 2020 నాటి నిబంధనల చొప్పున అట్టివాడు ఇష్టపడి సాక్షియైనను, వానికి అనుకూలమగు చోటను వేళను మాత్రమే విచారింపవలెను. ఈ రక్షణ గాయపడినవారికి సాయపడినవారిని ఉద్దేశించినది. ఖాళీ బండిని గురించి తెలిపినవానికి చెప్పవలసినదియు కొలదియే: ఎక్కడ చూచితిని, ఎప్పుడు చూచితిని, ఏమి చూచితిని. చూడనిదానిని ఊహించి చెప్పకున్నచో చిక్కులకు తావు తక్కువ.

మన తప్పులను గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. కోతల దినములలో రోడ్డుపై ధాన్యము ఆరబోసి, చుట్టు రాళ్లు పేర్చి, రాత్రివేళ నల్లని పట్టాలు కప్పియుంచుట మన యలవాటు. అట్టి కుప్పకు తగిలి బండి పల్టీకొట్టినచోట రైతు నోరు మెదపకుండుటకు కారణము పోలీసు భయము కాదు, తన కుప్ప భయము. అయినను కుప్పను తొలగించి బండిని గూర్చి మాటాడకున్నంత మాత్రమున నిజము దాగదు. దాచుటవలన చిన్న తప్పు పెద్ద నేరముగా మారును. మరియొకటి: ప్రమాదము జరిగినంతనే గుంపు చేరి నడపినవానిని కొట్టుట. గుంపు ఆగ్రహమువలన గాయపడినవానికి చికిత్స చేయింపజాలనిచో నడపినవానికి మినహాయింపు గలదని చట్టమే వ్రాయవలసి వచ్చినదనిన, మన గుంపులకు ఎట్టి పేరున్నదో తెలియుచున్నది. బండ్లు విడిచి పారిపోవుటకు మన కఱ్ఱలును ఒక కారణము. అట్లే, పారిపోవువానిని పట్టుకొని, ఊరి పెద్దలు కూర్చుండి, కొంత సొమ్ము పుచ్చుకొని విడిచిపెట్టుటయు సరికాదు. తెగిన గట్టునకు వెల కట్టితిమి గాని, వెనుక దారిలో పడియున్నవాని ప్రాణమునకు వెల కట్టు అధికారము మనకెవ్వరిచ్చిరి?

విడిచిన బండినుండి బ్యాటరీయో, చక్రమో, లోపలి సామానో తీసికొనుట దొంగతనమే. దారిలో దొరికినదనుకొని దాచుకొన్నను భారతీయ న్యాయ సంహిత దానిని నేరముగనే ఎంచుచున్నది. కుఱ్ఱవాండ్రు వేడుకకు చేయు ఈ పనివలన నిరపరాధియగు గ్రామము మీదికే అనుమానము తిరుగును. మొదటనే తెలిపియున్నచో, ఆ తరువాత ఏమి పోయినను మన మాటకు బలముండును.

తెలుపు విధానము సులభము. బండి సంఖ్య, రంగు, రోడ్డుపై కిలోమీటరు రాయి, చూచిన వేళ గుర్తు పెట్టుకొనవలెను. దూరమునుండి ఫోటో తీయవలెను. తలుపులను, స్టీరింగును తాకరాదు. పెట్రోలు గాని గ్యాసు గాని వాసన వచ్చినచో బీడీ, అగ్గిపుల్ల దరి చేర్పరాదు. విద్యుత్తు కారైనచో మరింత దూరముండవలెను. బండి దారికి అడ్డముగ నున్నయెడల దూరముగా పచ్చికొమ్మలు పాతి వచ్చువారిని హెచ్చరింపవలెను. చీకటిలో మరియొక బండి దీనికి గ్రుద్దుకొనుట మొదటి ప్రమాదముకంటె ఘోరము. 10 గంటలు విడిచియున్న బండిని తొలగింపించుటకును, రాకపోకలకు అపాయకరముగ నున్నదానిని వెంటనే తొలగింపించుటకును పోలీసులకు 127వ సెక్షను అధికారమిచ్చుచున్నది. తొలగింపు ఖర్చు బండి యజమానిదే గాని మనది కాదు. నేరపు సమాచారమైనచో ఏ ఠాణా సరిహద్దులో జరిగినను ఏ ఠాణాలోనైనను వ్రాసికొనవలెను. నమోదు ప్రతిని ఉచితముగ ఇయ్యవలెను. నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో పంపవచ్చును. బండి యజమాని అక్కడనే యుండి, ఎవరికిని హాని లేక, తానే పోలీసులకు తెలిపియున్నయెడల మనకు వేరు పని లేదు. అతనికి మంచినీరిచ్చి సాయపడుటయే చాలును.

పదిమంది చేరిన పాము చావదని మన పెద్దలనిరి. బండిని చూచిన ప్రతివాడును మరియొకడు చెప్పియుండునని తలంచుటవలననే ఎవ్వడును చెప్పకుండుట జరుగుచున్నది. దీనికి విరుగుడు మన చేతనే యున్నది. అప్పును ఎరువును ఉమ్మడిగా తెచ్చుకొనుటకు సంఘము పెట్టుకొంటిమి. భయమునుగూడ ఉమ్మడిగా పంచుకొనరాదా? ప్రతి సంఘమును ఒక కార్యవర్గ సభ్యుని ఈ పనికి నియమింపవలెనని మా సూచన. చూచిన రైతు వానికి చెప్పును. అతడు వెంటనే 112కి ఫోను చేసి, వేళయు వివరములును సంఘపు పుస్తకమున వ్రాసి, పంట నష్టమున్నయెడల ఇరువురు సభ్యులతో చూచి లెక్క వేయును. అప్పుడు సమాచారము ఒక బీదరైతు పేర గాక సంఘము పేర పోవును. పెద్దమనిషి బండియైనను సంఘముతో వైరము పెట్టుకొనుటకు జంకును. అయితే గాయపడినవాడు కంటబడినచోట సభ్యుని కొరకు వేచియుండరాదు. చూచినవాడే ముందు ఫోను చేయవలెను. ధాన్యము ఆరబోయుటకు కల్లములు కట్టించు విషయమునుగూడ సంఘములు ఇదే సమావేశమున చర్చించుట మంచిది.

రోడ్డు మన ఊరిగుండా పోవుచున్నది. దానిపై పోవువాడు పరాయివాడైనను, రేపు అదే రోడ్డుపై మన బిడ్డ పోవును. పరాయి ఊరి రైతు మన బిడ్డ విషయమున ఏమి చేయవలెనని కోరుదుమో, నేడు మనము దానినే చేయవలెను.