కత్తెర పట్టిన చేతులు

వార్షికోత్సవం వస్తుందంటే చాలు, మన హాస్టల్లో మైదా ఉడికిన వాసన వచ్చేది! గిన్నెడు మైదా, రంగు కాగితాలు, పాత పెళ్లి పత్రికలు, అందరికీ కలిపి రెండే కత్తెరలు. మేము తొమ్మిదిలో ఉండగా వేదిక మీద వేలాడదీసిన కాగితం బంతి పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

దాని కిటుకు చిన్నదే. గాజు పెట్టి గీసి, 20 వృత్తాలు కత్తిరించాలి. ఒకదాన్ని సగానికి రెండుసార్లు మడిచి విప్పితే కేంద్రం తెలుస్తుంది. అంచును కేంద్రం దాకా మూడు వైపులా మడిస్తే సమబాహు త్రిభుజం! దాన్నే అచ్చుగా పెట్టి మిగతావి మడవాలి. మడత రెక్కలను అతికిస్తూ పైన ఐదు, కింద ఐదు, నడుమ పది. 12 శీర్షాలు, 30 అంచులు. ఒక్క వృత్తం వంకర పోయినా చివరి త్రిభుజం ఇమడదు. మాది మొదటిసారి ఇమడలేదు.

రెండోసారి సరిగ్గా కత్తిరించింది ఎవరు? బీడీలు చేసే అమ్మల పిల్లలే. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ఇళ్లల్లో రేకు అచ్చు పెట్టి తునికాకు కత్తిరించడం చూస్తూ పెరిగాం, సెలవుల్లో మేమూ కత్తిరించాం. ఆదిలాబాద్ దోస్తులు ఎండాకాలం అడవిలో ఆ ఆకు తెంపి కట్టలు కట్టినవాళ్లు. కానీ "అమ్మ ఏం చేస్తది?" అని అడిగితే "ఇంట్లనే ఉంటది సార్" అనేవాళ్లం. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ మాదే. పీజీకి వచ్చినా ఆ అబద్ధం గుచ్చుతూనే ఉంది.

చేతిపని చదువు కాదని ఎవరన్నారు? కాగితం మడతలతో జ్యామితి నేర్పే పుస్తకాన్ని టి. సుందరరావు 1893లోనే మద్రాసులో ప్రచురించారు. జర్మనీ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని తన రచనలో ప్రస్తావించారు. 1995లో జపాన్ అంతరిక్షంలో పరీక్షించిన సౌరఫలకం మియురా మడతతో విచ్చుకుంది.

కిందటేడు వచ్చి చూస్తే వేదికంతా ఫ్లెక్సీ, థర్మాకోల్ అక్షరాలు. అలంకరణ థర్మాకోల్‌ను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది కూడా! పదో తరగతి వాళ్లకు టైం దండగ అంటారు. పరీక్షల ముందు వద్దు, ఒప్పుకుంటాం. రెండు సాయంత్రాలు దొరకవా?

వచ్చే ఏడు కాగితాలు, కత్తెరలు మా బ్యాచ్ తెస్తుంది. మైదా మీరు ఉడకబెట్టండి తమ్ముళ్లూ. అమ్మలను కూడా తీసుకొస్తాం. వృత్తాలు వాళ్లే కత్తిరిస్తారు.